డెబ్బై రెండేళ్ళకే పోయిన తండ్రులు

మీరు అదృష్టవంతులు. చేతిలో ట్యాబు ఉంటుంది, ప్రశ్న పక్కన గడి ఉంటుంది, వేలు ఆనిస్తే టిక్కు పడుతుంది. అబద్ధం రాయడానికి కూడా ఇప్పుడు చెయ్యి నొప్పి పుట్టదు. మా రోజుల్లో అలా కాదు. ఒక్క బీమా ఫారం నింపాలంటే మోకాలి మీద అట్ట పెట్టుకొని, నల్ల ఇంకు పెన్నుతో పేజీలకు పేజీలు రాయాలి. అబద్ధాలన్నీ మా సొంత దస్తూరీలోనే ఉండేవి. కొత్తగా ఏజెన్సీ తీసుకున్న నలుగురు పిల్లలు మొన్న మా ఇంటికొచ్చి, "మేడం, మీ అనుభవాలు చెప్పండి" అన్నారు. శాలువాల గురించి, క్లబ్బు మెంబర్‌షిప్పుల గురించి, స్టార్ హోటల్లో పెట్టిన భోజనాల గురించి చెబుతాననుకున్నారు పాపం. నేను ఈ సంగతి చెప్పాను. చాయ్ పూర్తిగా తాగకుండానే లేచిపోయారు. అందుకే రాసి పెడుతున్నాను. ఓపికున్నవాళ్ళు చదువుకుంటారు.

శంషాబాద్‌లో ఇరవై రెండేళ్ళు జీవిత బీమా ఏజెంటుగా తిరిగాను. ఒక వైపు కందుకూరు, ఇంకో వైపు హిమాయత్ సాగర్, మధ్యలో ఎన్ని ఊళ్ళుంటే అన్నీ నా స్కూటీకి తెలుసు. బడంగ్‌పేట్‌లో కొత్త కాలనీ లేచిందంటే గృహప్రవేశానికి ఇంటివాళ్ళ చుట్టాల కంటే ముందు నేనే ఉండేదాన్ని. నన్ను ఈ పనిలోకి దించింది మా డెవలప్‌మెంట్ ఆఫీసర్. ఆయనది కోస్తా వైపు. 'అండి' లేకుండా ఆవలించరు కూడా. మేమందరం ఆయన్ను సార్ అనే పిలిచేవాళ్ళం, నేనూ ఇక్కడ అలాగే రాస్తాను.

ఫారం నింపడం నేర్పింది ఆయనే. అందులో కుటుంబ చరిత్ర అని ఒక భాగం. తండ్రి ఉన్నాడా, ఉంటే వయసెంత, ఒంట్లో ఎలా ఉంది? లేకపోతే ఎన్నేళ్ళకు పోయాడు, ఏ జబ్బుతో పోయాడు? నేను మొదటి ఫారంలో ఇదంతా ఆ ఇంటాయన్ను అడిగి, వివరంగా రాసుకొచ్చాను. సార్ చదివి, కళ్ళజోడు తీసి, నా వైపు జాలిగా చూశారు.

"ఇంత కష్టం ఎందుకమ్మా? తండ్రి లేరు, డెబ్బై రెండు, వృద్ధాప్యం. తల్లి లేరు, అరవై ఎనిమిది, వృద్ధాప్యం. ఎవరి ఫారమైనా ఇంతే రాయండి."

"బతికున్నోళ్ళను గూడనా సార్?"

"బతికున్నవాళ్ళతోనేనమ్మా చిక్కంతా. బీపీ ఉందా అంటారు, గుండె ఎలా ఉందంటారు, రిపోర్టు తెమ్మంటారు. పోయినవాడి ఆరోగ్యం ఇంక చెడదు కదండీ."

నేను నవ్వాను. నవ్వుకుంటూనే నేర్చుకున్నాను. ఆ రోజు నుంచి నేను తిరిగిన ఊళ్ళలో తండ్రులందరూ డెబ్బై రెండు నిండగానే, ఏ నొప్పీ రోగం లేకుండా, ఒకరి వెనుక ఒకరు పోయారు. వాళ్ళలో కొందరు నేను రాస్తుండగా నాకు మజ్జిగ తెచ్చి ఇచ్చారు. ఒకాయన నా పెన్ను కింద పడితే వంగి తీసి ఇచ్చాడు. ఆ పెన్నుతోనే ఆయన్నూ పంపించేశాను.

ఇక ఆరోగ్యం ప్రశ్నలు. షుగరుందా, బీపీ ఉందా, ఆస్తమా ఉందా, ఆపరేషన్ ఏమైనా అయిందా అని పొడుగ్గా ఉంటాయి. పైన ఒక్క 'లేదు' రాసి కింద దాకా ఒకటే గీత గీసేదాన్ని. కిందనేమో, ఈ ప్రశ్నలన్నీ తెలుగులో చదివి వినిపించానని నా సంతకం. సార్ నా గీత చూసి మెచ్చుకునేవారు. స్కేలు పెట్టినట్టు ఉండేది మరి.

మా వృత్తిలో ఒక ఆచారం ఉంది, అది కూడా చెప్పాలి. పాలసీ తీసుకున్న మనిషి పోయాడని తెలిస్తే మా నోట్లోంచి ముందు వచ్చే మాట 'అయ్యో' కాదు. 'ఎన్నేండ్లయింది?' అంటాం. మేం అడిగేది పోయినాయన వయసు కాదు, పాలసీ వయసు. మూడేళ్ళు నిండితే కంపెనీ పాత కాగితాలు తవ్వడానికి వీల్లేదు, ఇవ్వాల్సింది ఇచ్చేయాలి. నిండకముందే పోతే మాత్రం తవ్వుతుంది. తవ్వితే ఏదో ఒకటి దొరుకుతుంది, దొరికితే పాలసీ రద్దు. మాకిచ్చిన కమీషన్ కూడా వెనక్కి గుంజుకుంటారు. నెల స్టేట్‌మెంట్‌లో మైనస్ గుర్తుతో వస్తుంది. మా బ్రాంచి ఎదురుగా ఇరానీ హోటల్ ఉండేది. ఎవరికైనా మైనస్ పడితే అందరం అక్కడ చేరి పరామర్శించేవాళ్ళం. చావింట్లో మేం కూర్చునేది పది నిమిషాలు. మైనస్ పడినవాడి దగ్గర రెండు చాయ్‌లు, ఒక ప్లేటు ఉస్మానియా బిస్కెట్ల సేపు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆరేళ్ళ కిందటి మాట. ఎయిర్‌పోర్టు గోడకు ఆనుకొని ఉన్న ఊళ్ళో క్యాబ్ నడిపే ఒకాయన ఉండేవాడు. నలభై ఒక్కేళ్ళు. భార్య ఎయిర్‌పోర్టులోనే హౌస్‌కీపింగ్ పని చేసేది. ఇద్దరు ఆడపిల్లలు. ఆయన తండ్రి కూడా వాళ్ళతోనే ఉండేవాడు. ఆ పెద్దాయన జొన్నలు పండించిన చెల్క ఇప్పుడు రన్‌వే కింద ఉంది. ఆ ఊళ్ళో విమానం దిగుతుంటే మాట్లాడేవాళ్ళు సగంలో ఆగి, అది పోయాక మిగతా సగం చెబుతారు. తిట్టుకునేటప్పుడు కూడా అంతే.

మార్చి నెలాఖరు. నా టార్గెట్‌కు ఒక్క పాలసీ తక్కువ. నేను వాళ్ళింట్లో మంచం మీద కూర్చొని ఫారం తీశాను. క్యాబ్ ఆయన లోపలికి కేకేసి, "అక్కకు చక్కెర చాయ్, నాకు ఉత్త చాయ్" అన్నాడు. తర్వాత నాతో, "షుగరున్నదక్కా నాకు. ఐదేండ్లాయె, గోలీలు ఏసుకుంటున్న. గది మంచిగ రాయి, మల్ల లొల్లి గావద్దు" అన్నాడు. అల్మారా తెరిచి గోలీల డబ్బా తెచ్చి చూపించాడు కూడా.

షుగర్ అని రాస్తే పరీక్షలంటారు, రిపోర్టులంటారు, ప్రీమియం పెంచుతారు. ఈలోగా ఏప్రిల్ వచ్చేస్తుంది. నేను చక్కెర చాయ్ ఊదుకుంటూ, "గవన్ని నేను చూసుకుంట తమ్మీ, నువ్వు సంతకం పెట్టు" అన్నాను. 'లేదు' అని రాసి కింద దాకా గీత కొట్టాను. ఇంటి ముందు ఆయన తండ్రి నా స్కూటీ సీటు మీద దుమ్మును తువ్వాలతో దులుపుతున్నాడు. ఆయన్ను చూస్తూనే తండ్రి గడిలో 'లేరు, డెబ్బై రెండు, వృద్ధాప్యం' అని రాశాను. ఆ పెద్దాయనకు అప్పటికి అరవై ఏడు.

రెండేళ్ళ నాలుగు నెలలకు, ఎయిర్‌పోర్టు క్యాబ్ పార్కింగులో సవారీ కోసం ఎదురుచూస్తూ ఆ మనిషి స్టీరింగు మీద తల వాల్చి పోయాడు. గుండెపోటు. ఆయన భార్య నాకు ఫోన్ చేసింది. నేనేమన్నానో చెప్పమంటారా? "ఎన్నేండ్లయింది చెల్లే?" అన్నాను. ఆమె ఏడుస్తూనే, "నలభై మూడక్కా" అంది. ఈ ఒక్క మాటకైనా నన్ను ఎవరో ఒకరు కొట్టి ఉండాల్సింది.

కంపెనీ ఒక మనిషిని విచారణకు పంపింది. ఆయన పెద్దగా కష్టపడింది లేదు. మందుల షాపులో అడగ్గానే చెప్పేశారు. అసలు అందులో దాచిందేముంది? పెళ్ళి విందులో లడ్డూ వేయబోతే, "నాకొద్దు, షుగరు" అని పంక్తంతా వినేలా చెప్పే మనిషి ఆయన. నెల తిరగకుండా కంపెనీ ఉత్తరం వచ్చింది. చనిపోయిన వ్యక్తి తన జబ్బును మోసపూరితంగా దాచారు కాబట్టి పాలసీ మొదటి నుంచీ చెల్లదు, క్లెయిమ్ లేదు, కట్టింది కూడా తిరిగి రాదు. రెండేళ్ళు పుట్టినరోజుకు తప్పకుండా మెసేజ్ పంపిన కంపెనీ, ఆ పాలసీ అసలు పుట్టనే లేదంది. అదే వారం నా స్టేట్‌మెంట్‌లో మైనస్ పడింది.

ఇరానీ హోటల్‌లో నాకు పరామర్శ జరిగింది. నా పక్కన కూర్చున్నవాడు నాతోపాటే ఏజెన్సీ తీసుకున్నవాడు. బీమాతో పాటు ప్లాట్లు కూడా అమ్మేవాడు, రెండింటికీ ఒకటే బ్యాగు.

"పరేషాన్ గాకక్కా. ఒక్క మైనసే గద" అన్నాడు.

"వాళ్ళు ఫిర్యాదు జేస్తరంట తమ్మీ."

"చేసుకోనీ. నువ్వు సప్పుడు జెయ్యకు. ఆయన నీకు చెప్పిండని నువ్వంటివా, నీ లైసెన్స్ పాయె. ఇరవై ఏండ్ల రెన్యువల్ కమీషన్ పాయె. ముసలితనంల ఏం తింటవ్?"

"మరి ఆయన పెండ్లాం సంగతేంది?"

"ఆమె సంగతి దేవుడు జూసుకుంటడు. నువ్వు చాయ్ తాగు."

నేను తాగాను. చల్లారిపోయింది, అయినా తాగాను.

రెన్యువల్ కమీషన్ అంటే మీకు తెలుసు, తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. పాత పాలసీలకు జనం ఏటా కట్టే దాంట్లోంచి మాకొచ్చే చిన్న చిన్న ముక్కలు. ఏజెంటుకు పింఛను అంటూ ఉంటే అదే. నాకు వేరే ఆధారం లేదు. అందుకే ఆ ఇంటికి ఒకసారి పోయి, ఫిర్యాదు దాకా పోనివ్వకుండా నచ్చజెప్పి వద్దామనుకున్నాను. పేరుకు ఓదార్పు.

ఆమె డ్యూటీ నుంచి అప్పుడే వచ్చింది, యూనిఫాం కూడా మార్చుకోలేదు. కంపెనీ ఉత్తరాన్ని ప్లాస్టిక్ కవర్లోంచి తీసి నా ముందు పెట్టింది.

"కారు ఫైనాన్సోళ్ళు గుంజుకపోయిన్రు. పెద్దపిల్ల చదువు ఆగేటట్టున్నది. గదంత ఒకెత్తక్కా. గీ మాట సూడు. మోసం అంట. ఆయన మోసం జేసిండంట. నీకు చెప్పలేదా ఆయన? నేను చాయ్ తెచ్చిననాడు నా ముంగట్నే చెప్పిండు గద!"

సరిగ్గా అప్పుడే విమానం వచ్చింది. ఇల్లంతా దడదడలాడింది. అది దిగిపోయే దాకా ఆమె నా మొహంలోకి చూస్తూనే ఉంది. మోత ఆగాక పక్కనున్న చెంబు అందుకున్నాను. నీళ్ళు తాగి లేచాను. పెద్దాయన స్కూటీ దాకా వెంట వచ్చి, "చదువుకున్నదానివి బిడ్డా, నువ్వే ఏమన్న జెయ్యాలె. మాకు నువ్వు దప్ప ఎవరు దెల్సు?" అన్నాడు. అలవాటుగా సీటు మీద దుమ్ము దులిపాడు.

కంపెనీకీ జనానికీ మధ్య తగవు వస్తే వినడానికి సిటీలో ఒక అధికారి ఉంటారు. క్యాబ్ ఆయన భార్య పనిచేసే చోట సూపర్‌వైజరమ్మ ఎవరో ఫిర్యాదు రాయించి అక్కడికి పంపించింది. విచారణకు తేదీ వేశారు. కంపెనీ తరఫున రావాల్సిన పై ఆఫీసు మనిషికి జ్వరం వచ్చిందట, మా సార్‌ని పంపారు. సాక్షిని నేను. ముందు రోజు సార్ నన్ను బ్రాంచికి పిలిచి కూర్చోబెట్టారు.

"ఒకటే మాట చెప్పండమ్మా. షుగర్ సంగతి ఆయన మీకు చెప్పలేదు."

"చెప్పిండు గద సార్."

"చెప్పి ఉండొచ్చండీ. మీకు వినపడలేదు. ఆ ఊళ్ళో విమానాల మోత కదా. ఆయన చెప్పే టైముకు పైనుంచి విమానం పోతోంది. ఎవరు కాదంటారు?"

ముప్ఫై ఏళ్ళ సర్వీసు ఊరికే పోదు సుమా అనుకున్నాను. ఆయన ఫారం కాపీ నా చేతికిచ్చి ఒకసారి చూసుకోమన్నారు. ఆరోగ్యం పేజీకి పసుపు చీటీ అంటించి ఉంది. మిగతా పేజీలు ఎవరూ చూసినట్టు లేదు. నేను తిప్పుతుంటే మూడో పేజీలో నా దస్తూరీ కనిపించింది. తండ్రి లేరు. డెబ్బై రెండు. వృద్ధాప్యం.

నిజం చెప్పాలి కదా. అది చూడగానే నాకు పశ్చాత్తాపం కలగలేదు. 'ముసలాయన రేపు అక్కడికి రాకుంటే బాగుండు' అనుకున్నాను.

వచ్చాడు. కోడలితో పాటు బస్సు దిగి, ఉతికిన ధోవతి, తెల్లచొక్కా వేసుకొని, నాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు. నేను గబగబా పోయి, "బాపూ, లోపట ఏసీ శాన ఉంటది, నీకు పడది. నువ్వు బయట బెంచీ మీద కూసో" అన్నాను. నా మాట మీద నమ్మకంతో పాపం అక్కడే కూర్చున్నాడు. ఇరవై రెండేళ్ళు జనానికి ఏవేవో చెప్పి నమ్మించాను గానీ, ఇంత సులువుగా నమ్మినవాళ్ళు లేరు.

లోపల అధికారి పెద్దవయసు మనిషి, నెమ్మదిగా మాట్లాడేవారు. ముందు ఆమె చెప్పింది. చాయ్ సంగతి, గోలీల డబ్బా సంగతి, అన్నీ చెప్పింది. తర్వాత సార్ లేచారు.

"పోయినవారి గురించి చెడ్డగా మాట్లాడకూడదు గానీ అండీ, ఆయన తెలిసే దాచారు. మా ఏజెంటు గారు ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నావిడ. ప్రతి ప్రశ్నా తెలుగులో చదివి వినిపించారు. ఆయన అబద్ధం చెప్పారు, ఆవిడ నమ్మి రాసుకున్నారు. ఇలాంటివాళ్ళ వల్ల నిజాయితీగల పాలసీదారులకు నష్టమండీ."

నీళ్ళ గ్లాసులు తెచ్చిన అటెండరు తలుపు తెరిచే ఉంచాడు. పెద్దాయన చెప్పులు బయటే విడిచి లోపలికి వచ్చాడు.

"నా కొడుకు అబద్ధమాడేటోడు గాదు సారూ" అన్నాడు. గట్టిగా కాదు, మామూలుగానే అన్నాడు. "షుగరున్నదని ఊరందరికి చెప్పిండు. ఒక్క కంపెనీకి ఎందుకు దాస్తడు?"

"మీరెవరు?" అన్నారు అధికారి.

"వాని అయ్యను."

అధికారి ఆ మాట రాసుకున్నారు. రాసుకొని, "మీ బాధ అర్థమైంది పెద్దాయనా. కానీ మీరు ఇంటివాళ్ళు. కాగితం మీద మీ అబ్బాయి సంతకం ఉంది. కాగితానికి ఎదురు చెప్పాలంటే ఇంకేదైనా ఆధారం కావాలి" అన్నారు. అంతే. కుటుంబ చరిత్రలో లేని మనిషి తన ముందే నిలబడి ఉన్నాడని ఆయనకు తెలియదు. సార్‌కూ తట్టలేదు. ఆ గదిలో ఆ సంగతి తెలిసింది నాకొక్కదానికే.

"ఇప్పుడు మీరు చెప్పండి" అని నా వైపు తిరిగారు. సార్ తల వంచి నాకు మాత్రమే వినపడేలా, "విమానం" అన్నారు.

చాలామంది తర్వాత నన్ను ధైర్యవంతురాలివి అన్నారు. ధైర్యం లేదు, ఏమీ లేదు. నాకు కోపం వచ్చింది. ఆ ముసలాయన ఎదుటే ఆయన కొడుకును దొంగను చేసి, పైగా 'అండీ' అంటున్నందుకు వచ్చింది. ఆ బెంచీ మీద ఆయన్ను కూర్చోబెట్టింది నేనే కాబట్టి, నా మీద నాకు ఇంకా ఎక్కువ వచ్చింది.

"సార్, మూడో పేజీ తియ్యండి. తండ్రి గడి చదవండి" అన్నాను.

అధికారి పేజీలు తిప్పారు. "తండ్రి లేరు. డెబ్బై రెండు. వృద్ధాప్యం" అని చదివారు. కళ్ళజోడు పైకెత్తి పెద్దాయనను చూశారు. మళ్ళీ కాగితం చూశారు.

"మీ వయసెంత పెద్దాయనా?"

"ఆధార్ల డెబ్బై అని ఉన్నది సారూ."

"మీరు చనిపోయారని ఉంది ఇందులో."

"నేనా? ఎప్పుడు?"

"డెబ్బై రెండేళ్ళకు. అంటే ఇంకో రెండేళ్ళకు."

పెద్దాయన కోడలి వైపు చూశాడు, సార్ వైపు చూశాడు, చివరికి నా వైపు తిరిగాడు. "ఇదేంది బిడ్డా?" అన్నాడు. ఆ మూడు సెకన్లు నాకు మూడేళ్ళ కంటే ఎక్కువనిపించాయి.

"ఇందులో ఉన్నదంతా చదివి వినిపించానని సంతకం పెట్టారు" అన్నారు అధికారి నాతో. "మీ నాన్న చచ్చిపోయాడని వినిపిస్తే, ఇంటి ముందు తండ్రిని పెట్టుకొని ఏ కొడుకైనా సంతకం పెడతాడా?"

"వినిపియ్యలేదు సార్" అన్నాను. "ఒక్కటి గూడ చదవలేదు. షుగరున్నదని ఆయన చెప్పిండు, రాయమన్నడు, గోలీలు చూపిచ్చిండు. నేనే లేదని గీత గీసిన. ఆయన అబద్ధం ఆడలేదు. ఆడింది నేను."

సార్ లేచి, ఇదేదో చేతి పొరపాటండీ, తండ్రి విషయంలో పొరపడినంత మాత్రాన షుగర్ విషయంలో కూడా అని ఎలా అంటాం అని మొదలుపెట్టారు. నాకు ఇంకా కోపం తగ్గలేదు. "పొరపాటో కాదో, నేను రాసిన ఇంకో పది ఫారాలు తెప్పియ్యండి సార్" అన్నాను. అధికారి తెప్పించారు. పదికి పది మంది తండ్రులూ డెబ్బై రెండేళ్ళకే పోయారు. పదికి పది మంది తల్లులకూ అరవై ఎనిమిదే. అనుమానం వచ్చి మా బ్రాంచిలో మిగతా ఏజెంట్లవి కూడా తీయిస్తే, ప్లాట్లు అమ్మేవాడితో సహా అందరివీ అంతే. అంత ప్రశాంతంగా జనం పోయే మండలం దేశంలో ఇంకోటి ఉండదు.

తీర్పు ఆమెకు వచ్చింది. జవాబులు ఆయనవి కావు, మోసం ఆయనది కాదు, క్లెయిమ్ మొత్తం ఇవ్వాలి అన్నారు. మోసం అనే మాట తీసేసి కొత్త ఉత్తరం ఇవ్వమన్నారు. ఆమె చెక్కు కంటే ఆ ఉత్తరాన్నే ఎక్కువసేపు చదువుకుందని తర్వాత తెలిసింది.

నా లైసెన్స్ పోయింది. రెన్యువల్ ఆగిపోయింది. నేను రాసిన వాటిలో మూడేళ్ళు నిండని పాలసీలు ఏడు ఉన్నాయి. ఆ ఏడు ఇళ్ళకూ పోయి, ఉన్న జబ్బులూ ఉన్న తండ్రులూ ఉన్నట్టే కంపెనీకి రాయించి పంపాను. రెండిళ్ళలో నీళ్ళిచ్చారు. ఒకింట్లో ఆయన తన తండ్రి చేతికి కర్ర ఇచ్చి, "గీమెనే బాపూ నిన్ను సంపింది" అని చూపించాడు. ఇరానీ హోటల్ వాళ్ళెవరూ నన్ను పరామర్శించలేదు. అంత పెద్ద మైనస్‌కు ఎన్ని చాయ్‌లు పొయ్యాలో వాళ్ళకు తోచి ఉండదు.

సార్‌కేమైంది అంటారా? ఫారాలన్నీ రాసింది ఏజెంట్లు, ఆయన చేతి రాత ఒక్కటీ లేదు. ఆయన్ను బ్రాంచి నుంచి తీసేసి శిక్షణ కేంద్రానికి వేశారు. వృత్తిలో నిజాయితీ గురించి పాఠం చెబుతారట. మొన్న మా ఇంటికొచ్చిన పిల్లల నోట్‌బుక్కుల్లో ఆ పాఠం ఉంది. చాలా బాగా రాయించారు, ఒప్పుకోవాలి.

పెద్దాయనకు డెబ్బై రెండు పడిన రోజు పొద్దున్నే నాకు ఫోన్ వచ్చింది. "బిడ్డా, డెబ్బై రెండు పడ్డయ్. ఏడికన్న పోవాల్నా, ఇంట్లనే ఉండాల్నా?" అన్నాడు. నేను నవ్వాను. ఆ ఏడాదంతా నెలకోసారి ఫోన్ చేసి, "ఇంకా ఉన్న" అని చెప్పి పెట్టేసేవాడు. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత తర్వాత ఆ ఫోన్ రావడం రెండు రోజులు ఆలస్యమైతే నాకు అన్నం సహించేది కాదు.

డెబ్బై మూడు నిండాక మొన్న నన్ను ఇంటికి రమ్మన్నాడు. పోయాను. పెద్దపిల్ల నర్సింగ్ చదువుతోంది, సెలవులకు వచ్చింది. అదే మంచం, అదే అల్మారా. ఆమె లోపలి నుంచి, "చాయ్ పెడుతున్నక్కా" అంది.

"నాకు ఉత్త చాయ్ చెల్లే. షుగరొచ్చింది నాకు, రెండేండ్లాయె" అన్నాను.

విమానం వచ్చింది. అందరం ఆగాం. అది దిగిపోయాక పెద్దాయన తువ్వాలతో మొహం తుడుచుకొని నా వైపు చూశాడు.

"గిట్ల నోటితోని చెప్తె ఏమొస్తది బిడ్డా? కాగితం మీద రాయాలె."

అని ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. కోడలు మాత్రం నవ్వలేదు. చక్కెర లేని చాయ్ తెచ్చి నా ముందు పెట్టి, మళ్ళీ లోపలికి పోయింది.